చలికాలంలో మారిన విజేత

ఫ్రాన్స్ చుట్టూ సాగే సైకిలు పందెం టూర్ డి ఫ్రాన్స్ విజేతల జాబితాలో 1999 నుంచి 2005 దాకా ఏడేళ్లు ఖాళీగా ఉంటాయి. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు 2012లో కొట్టేశారు, ఆ చోట ఇంకెవరినీ కూర్చోబెట్టలేదు. 2006లో ఫ్లాయిడ్ లాండిస్, 2010లో ఆల్బెర్టో కొంటడోర్ గెలిచారు. వాళ్ల టైటిళ్లూ పోయాయి, కాకపోతే వెనకున్న ఆస్కార్ పెరీరో, ఆండీ ష్లెక్ పైకి జరిగారు. రోడ్డు మీద తేలిన గెలుపు ఆఫీసు గదిలో తిరగబడటం నిషిద్ధ మందుల డోపింగ్ రోజుల్లో వచ్చిన జబ్బని చాలామంది అనుకుంటారు. కాదు. ఈ పందెం రెండోసారి జరిపినప్పుడే అది మొదలైంది. అదీ ఎవరికో కాదు, మొట్టమొదటి విజేత మోరిస్ గారిన్‌కే.

గారిన్ 1871లో ఇటలీలోని ఆవోస్తా లోయలో, ఆర్వియే అనే ఊళ్లో పుట్టాడు. చిన్నతనంలోనే సరిహద్దు దాటి ఫ్రాన్స్ వచ్చి, ఇళ్ల పొగగొట్టాల్లో దూరి మసి దులిపే పనిలో పడ్డాడు. పనివాళ్లను పోగుచేసుకెళ్లే మనిషికి తండ్రే ఒక పెద్ద చీజ్ ముద్ద పుచ్చుకుని పిల్లాణ్ని అప్పగించాడని ఒక కథ ఉంది. కథ కథే అనుకోండి, మసి మాత్రం నిజం. పెద్ద చాంపియన్ అయ్యాక కూడా జనం అతణ్ని ‘పొగగొట్టాల చిన్నోడు’ అనే పిలిచారు. మనిషి ఐదున్నర అడుగులు కూడా ఉండడు.

అతని మొదటి రోజుల ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. ఉత్తర ఫ్రాన్స్‌లోని ఆవెన్‌లో ఒక రేసుకు వెళ్తే, ఇది ప్రొఫెషనల్స్‌కి మాత్రమే, నువ్వు కుదరవు పొమ్మన్నారు. గారిన్ పోలేదు. అందరూ బయల్దేరేదాకా ఆగి, వెనకాల పడ్డాడు. దారిలో రెండుసార్లు కిందపడ్డాడు, అయినా ఒక్కొక్కరినీ దాటుకుంటూ అందరికంటే ముందు చేరాడు. నిర్వాహకులు డబ్బు ఇచ్చేది లేదన్నారు. చూసిన జనం ఊరుకోలేదు, అక్కడికక్కడే చందాలేసి 300 ఫ్రాంకులు చేతిలో పెట్టారు. అసలు బహుమతి 150! రూలు ఒకవైపు, జనం ఒకవైపు. ఇది గుర్తుపెట్టుకోండి, పదేళ్ల తర్వాత ఇదే జనం ఇంకో రూపంలో ఎదురవుతుంది.

అప్పటి పందేల్లో వేగం కన్నా తట్టుకోవడమే ముఖ్యం. పారిస్‌లో చలికాలంలో జరిగిన 24 గంటల రేసులో గారిన్ 701 కిలోమీటర్లు తొక్కి గెలిచాడు. ఆ ఒక్క రోజులో 19 లీటర్ల వేడి చాక్లెట్, 7 లీటర్ల టీ, 8 గుడ్లు, 45 మాంసం ముక్కలు, 2 కిలోల అన్నం, పైగా ఆల్చిప్పలు లాగించానని తనే చెప్పుకున్నాడు. కాఫీలో షాంపేన్ కూడా కలిపాడట. 1897, 98ల్లో వరుసగా పారిస్–రూబే రేసు గెలిచాడు. 1901లో పారిస్–బ్రెస్ట్–పారిస్, సుమారు 1200 కిలోమీటర్లు, 52 గంటల 11 నిమిషాల్లో ముగించాడు. ఆ దారి ఇవాళ్టికీ నడుస్తోంది, పందెంగా కాదు, నాలుగేళ్లకోసారి జరిగే ఓర్పు పరీక్షగా. 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులో ముగించాల్సిన అర్హత రైడ్‌లు) పూర్తిచేసి హైదరాబాద్ నుంచి కూడా వెళ్లి తొక్కివస్తున్నారు. ఇప్పుడు గడువు 90 గంటలు. గేర్ల సైకిలు మీద ఆ గడువులో చేరడమే గొప్ప అనుకునేవాళ్లకు గారిన్ 52 గంటలు ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ పాత రేసుల్లో చాలావాటికి పేసర్లు ఉండేవారు. ముందు ఇంకో సైకిలో, ఇద్దరు తొక్కే టాండెమో, ఒక్కోసారి మోటారు బండో వెళ్తూ గాలిని చీలిస్తే అసలు రైడర్ దాని వెనక నక్కి తొక్కేవాడు. అది మోసం కాదు, పద్ధతి. సైకిలు కంపెనీలే మనుషుల్ని పెట్టేవి. టూర్ వచ్చాక ఆ పద్ధతే నేరమైంది.

టూర్ పుట్టుక వెనక ఉన్నది క్రీడాభిమానం కన్నా పత్రికల పోటీ. పచ్చ కాగితం మీద అచ్చయ్యే ‘ల వెలో’ను దెబ్బకొట్టాలని పసుపు కాగితం మీద ‘లోటో’ మొదలైంది. సంపాదకుడు హెన్రీ డెగ్రాంజ్. పేపరు సరిగా అమ్ముడుపోక తల పట్టుకుని కూర్చుంటే, దేశమంతా చుట్టే పందెం పెడదామని జెయో లెఫెవ్ర్ అనే కుర్ర విలేకరి సలహా ఇచ్చాడు. 1903 జూలై 1న పారిస్ పక్కన మోంజెరోన్‌లో ఒక హోటలు ముందు 60 మంది బయల్దేరారు. 6 స్టేజీలు, 2,428 కిలోమీటర్లు. ఒక్కో స్టేజీ రాత్రంతా సాగేది. మొదటిది, పారిస్ నుంచి లియాన్‌కు, 467 కిలోమీటర్లు. తనిఖీకి లెఫెవ్ర్ రైలెక్కి ముందు ఊరికి పరుగెత్తేవాడు. గారిన్ మూడు స్టేజీలు గెలిచి, మొత్తం 94 గంటల 33 నిమిషాల్లో పూర్తిచేశాడు. రెండోవాడు లూసియన్ పోతియే దాదాపు 3 గంటలు వెనకబడ్డాడు. అంత తేడా టూర్‌లో మళ్లీ ఎవరికీ రాలేదు. చివరిదాకా నిలిచింది 21 మంది. లోటో అమ్మకాలు ఎగిరిపోయాయి, ల వెలో మరుసటేడాదికి మూతపడింది.

మనుషులు దొరికారు, డబ్బు దొరికింది, కాపలా మాత్రం దొరకలేదు. 1904లోనూ అదే దారి, అవే రాత్రులు. ఈసారి జనానికి పిచ్చి ముదిరింది. రెండో స్టేజీలో, సాంతెతియెన్ దగ్గర కొండ మీద, తెల్లవారుజామున 200 మంది దాకా కర్రలతో కాపుకాశారు. స్థానిక రైడర్ ఆంత్వాన్ ఫోర్‌కు దారి వదిలి, వెనకొచ్చిన వాళ్ల మీద పడ్డారు. గారిన్‌కు దెబ్బలు తగిలాయి. ఇటలీవాడు జెర్బీ స్పృహ తప్పేదాకా తిన్నాడు. నిర్వాహకులు గాల్లోకి తుపాకులు పేల్చితే గానీ జనం చెదరలేదు. నీమ్‌లోనూ గొడవే: ఇతరుల సాయం తీసుకున్నాడని ఆ చుట్టుపక్కలవాడైన ఫెర్దినాన్ పయాన్‌ను తప్పిస్తే ఊరివాళ్లు రాళ్లు రువ్వారు. రోడ్ల మీద మేకులు చల్లారు. పారిస్ చేరేలోపు నన్ను చంపకపోతే గెలుపు నాదే అని గారిన్ అన్నాడంటారు. చంపలేదు. గెలిచాడు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే, నాలుగు నెలలు దాటాక ఫ్రెంచ్ సైక్లింగ్ సంఘం విచారణ ముగించి మొదటి నలుగురినీ కొట్టేసింది: గారిన్, పోతియే, గారిన్ తమ్ముడు సెజార్, ఇపోలిత్ ఓకుతూరియే. స్టేజీలు గెలిచినవాళ్లందరి పేర్లూ పోయాయి. గారిన్‌కు రెండేళ్ల నిషేధం. ఐదోవాడు ఆన్రీ కోర్నే విజేత అయ్యాడు. వయసు 19. కారు సాయం తీసుకున్నందుకు అతనికీ ఒక హెచ్చరిక ఉంది! మేకుల పుణ్యమా అని చివరి 40 కిలోమీటర్లు గాలి పోయిన టైర్ల మీదే తొక్కిన కుర్రాడు కాబట్టి, నాకు అతని మీద కోపం రాదు.

ఎవరు ఏ తప్పు చేశారో సంఘం విడివిడిగా ప్రకటించలేదు. రైలెక్కారనీ కార్ల వెనక వేలాడారనీ కథలు మిగిలాయి. ఫైళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. నా ఉద్దేశంలో రైడర్ల తప్పుకన్నా పందెం కట్టిన తీరే పెద్ద తప్పు. 400 కిలోమీటర్ల చీకటిని నలుగురు మనుషులతో కాయగలమనుకున్నారు. ఇక టూర్ చచ్చిపోయినట్టేనని రాసిన డెగ్రాంజే 1905లో దాన్ని 11 స్టేజీలుగా విడగొట్టాడు, రాత్రి ప్రయాణాలు తగ్గించాడు, సమయానికి బదులు పాయింట్లు పెట్టాడు. గారిన్‌ను శిక్షించినవాళ్లు చెప్పని కారణం ఈ మార్పుల్లో కనిపిస్తుంది.

గారిన్ 1911లో, 40 ఏళ్ల వయసులో, మళ్లీ పారిస్–బ్రెస్ట్–పారిస్ తొక్కి పదో స్థానంలో వచ్చాడు. ఆ తర్వాత ఉత్తర ఫ్రాన్స్‌లోని లాన్స్ ఊళ్లో పెట్రోలు బంకు, గ్యారేజీ నడుపుకున్నాడు. 1957లో పోయేదాకా అక్కడే ఉన్నాడు.