బరంపురంలో భాష మారితే ఎవరు ఉలిక్కిపడతారు?

సైకలాజికల్ థ్రిల్లర్ సరుకు అందరికీ తెలిసిందే: మసకబారే లైటు, పాత డైరీ, ఉన్నట్టుండి మరో భాషలో మాట్లాడే మనిషి, చివర్లో అంతా విడమరిచి చెప్పే డాక్టరు. ఇవేవీ ఊరికే పుట్టలేదు. ఒక్కోటీ పుట్టినచోట మామూలుకు విరుద్ధం కాబట్టి భయపెట్టింది. ఒడిశా సరిహద్దులో, బరంపురం, పర్లాకిమిడి తెలుగిళ్లలో ఆ మామూలే వేరు. ఇక్కడ థ్రిల్లర్ తీయబోయేవాళ్లకి చిక్కంతా అక్కడే.

లైటు సంగతి చూడండి. ప్యాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన ‘గ్యాస్ లైట్’ నాటకం 1940లో బ్రిటన్‌లో, 1944లో హాలీవుడ్‌లో సినిమా అయింది. భర్త బయటికెళ్తున్నట్టు వెళ్లి, దొంగచాటుగా పై అంతస్తుకు చేరి నగల కోసం వెతుకుతాడు. అక్కడ గ్యాసు దీపం వెలిగించగానే కింద గదిలో మంట కుంగుతుంది. భార్య అది చూస్తుంది. నీ భ్రమే అంటాడు. మనిషిని తన కళ్లనే నమ్మనీయకపోవడానికి గ్యాస్‌లైటింగ్ అన్న పేరు అలా వచ్చింది. మంట ఎందుకు తగ్గిందో వెతికితే నేరం దొరుకుతుంది, అదీ అందులో గొప్ప. లో ఓల్టేజీకి అలవాటుపడ్డ ఇంట్లో బల్బు మసకబారితే జనం ఇన్వర్టర్ వైపు చూస్తారు తప్ప మొగుడి వైపు చూడరు. అయినా వాడాలనుకుంటే, అదే షాటులో కిటికీలోంచి పక్కింటి లైటు నిలకడగా వెలుగుతూ కనిపించాలి. అది లేకపోతే సీను కరెంటాఫీసు మీద ఫిర్యాదులా ఉంటుంది.

కథ చెప్పేవాడినే నమ్మలేకపోవడం ఇంకా పాతది. 1920 నాటి జర్మన్ మూకీ ‘ద క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’లో గోడలు వంకర, నీడలు సైతం సెట్టు మీద రంగుతో గీసినవి. చెప్పినవాడు పిచ్చాసుపత్రిలో రోగి అని ఆఖర్న తెలుస్తుంది. ఆ వంకర కథలో మొదట్నుంచీ ఉంది కాబట్టే ట్విస్టు నిలబడింది.

డాక్టరు పాఠం ‘సైకో’తో (1960) స్థిరపడింది. ఇప్పుడు మాత్రం ఆ పాఠం నాలుగు వాక్యాలు దాటితే సీట్లు కదులుతాయి.

ఇక భాష. 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళ్’లో ఇల్లాలు తంజావూరు నర్తకిగా మారినప్పుడు తమిళం మాట్లాడుతుంది. 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా తీసినప్పుడు ఆ నర్తకికి తెలుగు ఇచ్చారు. అంటే లోపలి పరాయి మనిషికి ప్రతిసారీ పొరుగు భాషే దక్కింది. (ఒకే మనిషిలో వేరే మనిషి కూడా ఉన్నట్టుండే ఆ జబ్బుని అమెరికా మానసిక వైద్యులు 1994 నుంచి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంటున్నారు. స్కిజోఫ్రీనియా వేరు, సినిమావాళ్లు రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు.)

బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఒడిశాలో కలిశాక బడి, కచేరీ ఒడియాకి మారాయి. ఇంట్లో తెలుగు మిగిలింది. నిమిషానికో భాష మార్చే ఊళ్లో భాష మారితే దెయ్యం అనుకునేదెవరు? డైరీకీ ఇదే గతి. తెలుగు గలగలా మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేనివాళ్లు ఇక్కడ బోలెడుమంది. గుట్టంతా తెలుగు ఉత్తరంలో పెట్టి తెర మీద మూడు సెకన్లు చూపిస్తే సగం హాలు పక్కవాణ్ణి అడుగుతుంది. పాత్ర చేత పైకి చదివించాలి, లేదా ఉత్తరం తీసేసి ఫోటో పెట్టాలి.

భాషనే వాడాలంటే దారి ఉంది. రెండు భాషల ఇంట్లో ఎవరితో ఏది మాట్లాడాలో ఎవరూ చెప్పకుండానే ఖాయమై ఉంటుంది. అమ్మమ్మతో మాటలొచ్చినప్పటి నుంచీ ‘ఉప్పు’ అన్న పిల్ల, ఓ పూట కంచం ముందు తలెత్తకుండా ఒడియాలో ‘లుణ’ అంటుంది. అర్థం తెలియక కాదు అమ్మమ్మ చెయ్యి ఆగేది. అంతకుముందు రెండు సీన్లలో ఆ పిల్ల దుకాణంలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడి ఉండాలి. ఆ పని ఎగ్గొడితే ‘లుణ’ ఎవరికీ వినపడదు.

ఆ క్షణానికి ‘వెర్టిగో’ సినిమా (1958) నాటి డాలీ జూమ్, అంటే కెమెరా వెనక్కి జరుగుతుండగానే బొమ్మని పెంచుతూ పోవడం, ఫోనుతోనే తీయొచ్చు. 4కేలో తీస్తూ అమ్మమ్మ ముఖానికి ఒక మీటరు దూరం నుంచి రెండు మీటర్లకు నిదానంగా వెనక్కి జరగాలి. ఎడిటింగులో ముఖం సైజు మారకుండా 100 శాతం నుంచి 200 శాతానికి పెంచుకుంటూ పోతే, 1080పీలో (అంటే ఫుల్ హెచ్‌డీ, వెడల్పూ ఎత్తూ 4కేలో సగం) బొమ్మ చెదరదు. చేత్తో పట్టుకుంటే కుదుపు కూడా రెట్టింపవుతుంది; చక్రాల స్టూలు మంచిది. వెనక ఉత్త గోడ ఉంటే ఏమీ తెలియదు. నడవా, దాని చివర తలుపు కనపడేట్టు అమ్మమ్మని కూర్చోబెడితే ఆ తలుపు ఆమె మీదికి వస్తున్నట్టుంటుంది.