ఈసీజీ కాగితం మీది ‘అబ్‌నార్మల్’

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి కంటి శుక్లం ఆపరేషన్‌కు నల్లగొండ వచ్చిన ఒక రైతుకు ముందుజాగ్రత్తగా ఈసీజీ (గుండెలోని విద్యుత్తును గీతలుగా చూపే పరీక్ష) తీశారనుకుందాం. ఛాతీలో నొప్పి లేదు, ఆయాసం లేదు. అయినా కాగితం పైభాగాన ‘అబ్‌నార్మల్ ఈసీజీ’ అని అచ్చయి వచ్చేసరికి కంటి సంగతి పక్కకు పోయి ఇంటిల్లిపాదికీ గుండెపోటు భయం పట్టుకుంటుంది. ఆ మాట రాసింది డాక్టరు కాదు, యంత్రం. గీతల ఎత్తును, వెడల్పును, వాటి మధ్య దూరాన్ని కొలిచి, ఏ కొలత హద్దు దాటినా అది ఆ ముద్ర వేస్తుంది. మనిషి చెప్పుకొనే బాధ దానికి వినబడదు.

గుండె నిమిషానికి 60 సార్ల కంటే తక్కువ కొట్టుకున్నా యంత్రానికి అది తేడాయే. ఏళ్ల తరబడి పార పట్టిన ఒంటికి 55 సహజమే కావచ్చు. అన్నిటికంటే ఎక్కువగా బెదరగొట్టేది ‘రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్’. బ్లాక్ అనగానే రక్తనాళం పూడుకుపోయిందనుకుంటారు గాని, గుండె కుడివైపుకు విద్యుత్తు ఆలస్యంగా చేరుతున్నదనే దాని అర్థం, అది ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. ఎడమవైపు బ్లాక్ కొత్తగా కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోరాదు.

చేతుల వైర్లు తారుమారైనా గీత తలకిందులవుతుంది కాబట్టి, అనుమానం వస్తే మొదట చేయవలసింది మళ్లీ ఈసీజీ తీయడమే. తరువాతి పరీక్ష ప్రశ్నను బట్టి ఉంటుంది: ఏళ్లనాటి బీపీతో గుండె గోడ మందమైందా, కవాటాలు సరిగా ఉన్నాయా అన్నది టూడీ ఎకో అనే గుండె స్కానింగ్ చూపిస్తుంది, అప్పుడప్పుడు వచ్చే దడ పది సెకన్ల ఈసీజీకి చిక్కదు కనుక 24 గంటలూ గుండె గీతలను నమోదు చేసే హోల్టర్ అనే చిన్న యంత్రం ఒంటికి కడతారు, నడిస్తే నొప్పి వచ్చేవారిని ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీస్తారు, కాని ఎడమ బ్లాక్ ఉన్నవారిలో ఆ గీతలు నమ్మదగినవి కావు. కిడ్నీ జబ్బు ఉంటే రక్తంలో పొటాషియం చూడాలి. అది పెరిగినా తగ్గినా గీత రూపం మారుతుంది.

ఛాతీ బరువెక్కి చెమటలు పడుతున్నవారికి ఈ వరుస వర్తించదు. వారికి మొదటి ఈసీజీ నార్మల్‌గా వచ్చినా సరిపోదు, కొంత వ్యవధిలో మళ్లీ తీసి, గుండె కండరం దెబ్బతిన్నదా అని తెలిపే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయాలి.

ఇవన్నీ చూసే డాక్టరుకు బాగా పనికొచ్చేది పాత ఈసీజీ: అదే మార్పు అయిదేళ్ల కిందట కూడా ఉంటే ఆందోళన చాలావరకు తగ్గుతుంది. అయితే ఈసీజీ అచ్చయ్యే థర్మల్ కాగితం (వేడి తగిలితే నల్లబడేది) మీది గీతలు కాలక్రమాన వెలిసిపోతాయి, లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది. తీసిన రోజే తేదీ కనిపించేలా జిరాక్సు తీయించుకోవాలి.