క్యాచా కాదా, ఫ్లాగా కాదా: కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఈ గొడవ ఎక్కడ మొదలైంది

2024 అక్టోబర్ 19న ఆస్టిన్‌లో టెక్సస్, జార్జియా యూనివర్సిటీల టీమ్‌లు అమెరికన్ ఫుట్‌బాల్ (చేత్తో బాల్ పట్టుకుని ఆడేది) ఆడుతున్నాయి. జార్జియా 23-8తో ముందుంది, అప్పుడు టెక్సస్ డిఫెండర్ జాడే బారన్ జార్జియా పాస్‌ని మధ్యలో పట్టేసుకుని (దీన్నే ఇంటర్‌సెప్షన్ అంటారు) జార్జియా 9 గజాల లైన్ దాకా పరిగెత్తాడు, స్టేడియం ఊగిపోయింది, తీరా చూస్తే కింద ఫ్లాగ్, అంటే తప్పు జరిగిందని రెఫరీ విసిరే గుడ్డ, ఉంది. బారన్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ చేశాడు, అంటే బాల్ అందుకోబోతున్నవాడిని అడ్డుకున్నాడు, ఇంటర్‌సెప్షన్ చెల్లదన్నారు. స్టూడెంట్స్ కూర్చున్న వైపు నుంచి బాటిళ్ళు వచ్చి పడ్డాయి, ఆట ఆగింది, వాటిని ఏరుతున్న టైమ్‌లో రెఫరీలు ఒకచోట చేరి మాట్లాడుకుని ఆ ఫ్లాగ్‌ని వెనక్కి తీసేసుకున్నారు! బాటిళ్ళు విసిరితే కాల్ మారుతుందని దారి చూపించినట్టయిందని జార్జియా కోచ్ కిర్బీ స్మార్ట్ మండిపడ్డాడు. ఫ్లాగ్ వేసిన తీరు సరిగ్గా లేదని ఈ టీమ్‌లు ఆడే కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) కూడా ఒప్పుకుంది, బాటిళ్ళ సంగతికి మాత్రం టెక్సస్ మీద 2,50,000 డాలర్ల ఫైన్ వేసింది.

ఇదంతా అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

ఫుట్‌బాల్‌లో బాల్‌ని ముందుకి విసరడం అనేదే మొదట్లో లేదు, అంతా గుంపుగా మీద పడి తోసుకోవడమే. 1905 సీజన్లో కనీసం 18 మంది చనిపోయారని అప్పటి పత్రికలు లెక్క రాశాయి. ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్ హౌస్‌కి పిలిపించి ఆటని బాగుచేసుకోమన్నాడు. ఆ ఏడాది చివర్లో చాలా కాలేజీలు కలిసి కూర్చున్నాయి, ఇవాళ ఎన్‌సీఏఏ అంటున్న, కాలేజ్ ఆటల్ని నడిపే సంస్థ అక్కడే మొదలైంది, 1906 నుంచి ఫార్వర్డ్ పాస్‌కి, అంటే బాల్‌ని ముందుకి విసరడానికి, పర్మిషన్ వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన మొదటి పాస్‌ని ఎవరూ అందుకోలేదు, అప్పటి రూల్ ప్రకారం బాల్ అవతలి టీమ్‌కి వెళ్ళిపోయింది. అలా ఉంటే ఎవరు ధైర్యం చేస్తారు? అందుకే తర్వాత ఒక్కో రూల్ సడలిస్తూ వచ్చారు, 1912లో పాస్ పొడవు మీద ఉన్న 20 గజాల పరిమితి తీసేశారు, 1913లో నోటర్‌డేమ్ వాళ్ళు పాస్‌లతోనే ఆర్మీని (మిలిటరీ అకాడమీ టీమ్‌ని) 35-13తో ఓడించేసరికి దేశమంతా అటు తిరిగింది.

పాస్ వచ్చాక రెండు ప్రశ్నలు కూడా వచ్చాయి. పట్టుకున్నాడా? పట్టుకోనిచ్చారా? నా ఉద్దేశంలో ఇప్పటిదాకా నడుస్తున్న గొడవంతా ఈ రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్లే. మొదటిది చాలావరకు కంటికి కనిపించే విషయం. బాల్ మీద పూర్తి కంట్రోల్ ఉండాలి, కాలేజ్ రూల్‌లో ఒక్క కాలు మైదానం గీత లోపల పడితే చాలు, కింద పడుతూ పట్టుకుంటే నేలకి తగిలాక కూడా బాల్ జారకూడదు. రెండోది అలా కాదు. ఇద్దరికీ బాల్ కోసం ఎగిరే హక్కు ఉంది, ఎంత తగిలితే తప్పు, ఆ బాల్ అసలు అందేదేనా, ఇవన్నీ ఆ క్షణంలో అక్కడ నిలబడ్డ మనిషి తేల్చాలి. తేడా వస్తే 15 గజాల దాకా పెనాల్టీ, పైగా ఫస్ట్ డౌన్ (బాల్ ఉన్న టీమ్‌కి మళ్ళీ కొత్తగా నాలుగు ఛాన్సులు), చివరి నిమిషాల్లో అయితే మ్యాచే పోతుంది.

ఈ రెండు ప్రశ్నలూ ఒకే రాత్రి, ఒకే ఆటగాడి విషయంలో వచ్చిన మ్యాచ్ ఉంది, 2003 జనవరి 3న టెంపీలో జరిగిన ఫియెస్టా బౌల్. అది నేషనల్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్, 34 మ్యాచ్‌లు వరసగా గెలిచిన మయామీ ఒకవైపు, ఒహాయో స్టేట్ ఒకవైపు. నాలుగో క్వార్టర్ చివర్లో ఒహాయో స్టేట్ రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) క్రిస్ గాంబుల్ లైన్ దగ్గర బాల్ పట్టుకుంటే బయట పడ్డాడన్నారు, టీవీలో చూస్తే లోపలే ఉన్నట్టుంది, పైగా డిఫెండర్ పట్టుకుని లాగినట్టు కూడా ఉంది. వీడియో చూసి నిర్ణయం మార్చే రీప్లే అప్పటికి లేదు కాబట్టి చేసేదేం లేదు, మయామీ స్కోర్ సమం చేసి ఓవర్‌టైమ్‌కి తీసుకెళ్ళింది. అక్కడ 24-17తో ముందుంది, ఒహాయో స్టేట్‌కి మిగిలింది నాలుగో డౌన్, అంటే ఆఖరి ఛాన్స్, ఒక్కటే, మళ్ళీ గాంబుల్ వైపే పాస్, బాల్ కింద పడింది. మయామీ వాళ్ళు మైదానంలోకి పరిగెత్తుకొచ్చేశారు, బాణసంచా కూడా పేలింది. అప్పుడు, కొన్ని సెకన్లు ఆగి, టెర్రీ పోర్టర్ అనే అధికారి ఫ్లాగ్ విసిరాడు. పాస్ ఇంటర్‌ఫియరెన్స్. ఒహాయో స్టేట్ బతికింది, రెండో ఓవర్‌టైమ్‌లో 31-24తో గెలిచింది. మయామీ అభిమానులకి ఆ ఫ్లాగ్ ఇవాళ్టికీ మానని గాయం, ఒహాయో వాళ్ళని అడిగితే అంతకుముందు మాకు జరిగిన అన్యాయం సంగతేంటి అంటారు, నిజానికి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

2004లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్ రీప్లేని ట్రయల్‌గా పెట్టింది, రెండేళ్ళలో దేశమంతా వచ్చేసింది. అయితే రీప్లే మొదటి ప్రశ్నకే వచ్చింది. క్యాచ్, లైన్, గోల్ లాంటివి చూడొచ్చు, ఇంటర్‌ఫియరెన్స్ అయిందా లేదా అన్న నిర్ణయం మాత్రం చూడకూడదు. ఒక్క దారి ఉంది, బాల్ దారిలో డిఫెండర్ చేతికి తగిలి ఉంటే తర్వాత జరిగింది ఇంటర్‌ఫియరెన్స్ కాదు, ఆ తగలడాన్ని మాత్రం వీడియోలో చూడొచ్చు.

పోనీ క్యాచ్ గొడవలైనా ఆగాయా అంటే అదీ లేదు. 2019 డిసెంబర్ 28న ఒహాయో స్టేట్, క్లెమ్సన్ మ్యాచ్‌లో క్లెమ్సన్ రిసీవర్ జస్టిన్ రాస్ చేతిలోంచి బాల్ లాగేశారు, ఒహాయో స్టేట్ ఆటగాడు జోర్డన్ ఫుల్లర్ దాన్ని తీసుకుని టచ్‌డౌన్ (అవతలి చివరి గీత దాటి స్కోర్ చేయడం) దాకా వెళ్ళాడు, మైదానంలో ఫంబుల్ (పట్టుకున్నాక బాల్ చేజారడం) అన్నారు, రీప్లేలో అసలు క్యాచే పూర్తవ్వలేదు అన్నారు. క్లెమ్సన్ 29-23తో గెలిచింది. 2024 సెప్టెంబర్ 27న మయామీ మీద వర్జీనియా టెక్ ఆఖరి పాస్‌ని టచ్‌డౌన్ అని చెయ్యెత్తేశారు, నిమిషాల తరబడి చూసి కాదన్నారు, మయామీ 38-34తో బయటపడింది. మైదానంలో ఇచ్చిన కాల్ మార్చాలంటే అనుమానానికి తావులేని సాక్ష్యం కావాలని రూల్. క్రికెట్‌లో అంపైర్స్ కాల్ చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కుప్పలా పడ్డ నలుగురి మధ్య బాల్ ఎవరి చేతిలో ఉందో అంత స్పష్టంగా ఏ కెమెరాకి దొరుకుతుంది?

అయితే ఇంటర్‌ఫియరెన్స్‌ని కూడా వీడియోకి ఇచ్చేయొచ్చుగా అంటారు చాలామంది. ప్రో లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ అది చేసి చూసింది. 2019 జనవరిలో సెయింట్స్ మీద రామ్స్ గెలిచిన సెమీఫైనల్లాంటి మ్యాచ్‌లో కళ్ళముందు జరిగిన తప్పుకి ఫ్లాగ్ పడలేదు, గోలగోల అయ్యింది, ఆ ఏడాదే ఇంటర్‌ఫియరెన్స్‌కి రీప్లే పెట్టారు, ఒక్క సీజన్‌తోనే ఎత్తేశారు. స్లో మోషన్‌లో చూస్తే ప్రతి తగలడమూ తప్పులాగే ఉంటుంది, ఎక్కడ గీత గీయాలో వాళ్ళకీ తేలలేదు.

అందుకే నేను వీడియో కంటే రెఫరీలు మాట్లాడుకోవడానికే ఓటేస్తా. ఫ్లాగ్ పడ్డాక పక్క కోణంలో ఉన్నవాడు నాకు అలా కనిపించలేదు అంటే అప్పటికప్పుడు వినాలి, ఎందుకు మార్చారో మైక్‌లో అందరికీ చెప్పాలి, అదీ తర్వాతి ప్లే మొదలవ్వకముందే, కచ్చితమైన టైమ్ లోపల, ఆ టైమ్ దాటితే బాటిళ్ళు పడ్డా ఆకాశం ఊడిపడ్డా కాల్ అలాగే ఉండాలి. ఆస్టిన్‌లో చివరికి వచ్చిన నిర్ణయం సరైనదే అనుకుంటున్నా, దాన్ని చేసిన పద్ధతి మాత్రం మింగుడుపడట్లేదు. జార్జియా ఎలాగూ 30-15తో గెలిచింది కాబట్టి ఆ గొడవ తొందరగా సద్దుమణిగింది, అదే టెక్సస్ గెలిచి ఉంటే రూల్ కమిటీ ఆ చలికాలమంతా దీని మీదే కూర్చోవాల్సొచ్చేది.