కదలిక తగ్గినప్పుడు ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

పక్షవాతం, తుంటి ఎముక విరగడం, కీళ్లవాతం, వయసుతో వచ్చే బలహీనత, ఇలా కారణం ఏదైనా కావచ్చు. కదలిక తగ్గిన మనిషికి ఇంట్లోవారు ఎంతో ప్రేమతో చేసే కొన్ని పనులే కొత్త ఇబ్బందులు తెచ్చిపెట్టడం ఫిజియోథెరపిస్టుగా నేను తరచూ చూస్తుంటాను. జబ్బు చేసిన నష్టం ఒకటైతే, కదలకుండా ఉండిపోవడం వల్ల దాని మీద వచ్చి చేరే నష్టం మరొకటి. మొదటిదాన్ని ఆపడం ఒక్కోసారి ఎవరి చేతుల్లోనూ ఉండదు. రెండోదాన్ని మాత్రం చాలావరకు ఆపవచ్చు.

అపోహ: ఎంత ఎక్కువ విశ్రాంతి తీసుకుంటే అంత త్వరగా కోలుకుంటారు.

వాస్తవం: శస్త్రచికిత్స తర్వాతో, ఎముక విరిగినప్పుడో వైద్యులు కదలవద్దని చెబితే ఆ మాట పాటించాల్సిందే. అయితే ఆ విశ్రాంతి ఎన్ని రోజులో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి. 1966లో అమెరికాలోని డల్లస్‌లో ఇరవయ్యేళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచి పరిశీలించారు. శ్రమ చేసేటప్పుడు వారి శరీరం గరిష్ఠంగా వినియోగించుకోగల ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. అదే ఐదుగురిని 30 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించినప్పుడు, మూడు దశాబ్దాల వయసు తెచ్చిన తగ్గుదల కంటే ఆ మూడు వారాల పడక తెచ్చిన తగ్గుదలే ఎక్కువని తేలింది. పెద్ద వయసులో ఈ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏ జబ్బూ లేని వృద్ధులు కేవలం పది రోజుల పడకతో కాళ్లలోనే దాదాపు కిలో కండ కోల్పోయారు. మనల్ని నిలబెట్టే తొడ, పిక్క కండరాలే ముందుగా తగ్గుతాయి కాబట్టి, మంచం దిగిన రోజున కాళ్లు వణకడంలో ఆశ్చర్యం లేదు.

చాలా రోజులు పడుకున్నవారు ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందువల్ల ముందు మంచం అంచున కాళ్లు వేలాడదీసి కూర్చోబెట్టి, పాదాలను పైకీ కిందికీ ఆడించమని చెప్పి, కొన్ని నిమిషాలు ఆగిన తర్వాతే నిలబెట్టాలి.

అపోహ: పడక పుండ్లు శుభ్రత లోపం వల్ల వస్తాయి, గాలి పరుపు వేస్తే ఇక భయం లేదు.

వాస్తవం: ఈ అపోహ నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెడుతుంది. ఎందుకంటే తమ సేవలో లోపం ఉందని ఎవరైనా అనుకుంటారేమోనన్న సిగ్గుతో ఇంట్లోవారు పుండును చూపించకుండా దాచి, విషయం ఎముక దాకా వెళ్లాక తీసుకొస్తారు. తేమ, మలమూత్రాలు చర్మాన్ని మెత్తబరుస్తాయన్నది నిజమే గాని, అసలు కారణం ఒత్తిడి. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందక ఆ భాగం చచ్చిపోతుంది. పిరుదుల పైభాగం, తుంటి, మడమలు, చీలమండలు దీనికి ముఖ్యమైన చోట్లు. తలవైపు ఎత్తుగా పెట్టినప్పుడు మనిషి కిందికి జారుతుంటే చర్మం లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి రాసుకోవడం వల్ల కూడా నష్టం జరుగుతుంది.

రోజూ ఈ చోట్లను వెలుతురులో చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడకపోతే, లోపల నష్టం మొదలైనట్టే. చామనఛాయ, నలుపు చర్మంలో ఎరుపు కనిపించకపోవచ్చు కాబట్టి వేడి, గట్టిదనం, నొప్పి ఉన్నాయేమో తడిమి చూడాలి. అక్కడ మర్దన చేయకూడదు. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండు కూడా వద్దు. అది చుట్టూ ఉన్న రక్తనాళాలను నొక్కేస్తుంది. సాధారణంగా రెండు గంటలకోసారి ఒత్తిగిల్లేలా చేయాలి, చర్మం తొందరగా ఎర్రబడేవారికి ఇంకా ముందే. నేరుగా తుంటి మీద బరువు పడకుండా, వీపు వెనక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలు పక్కకు వాల్చితే చాలు. గాలి పరుపు ఒత్తిడిని తగ్గిస్తుందే తప్ప, పక్క మార్చే పనిని తప్పించదు. చక్రాల కుర్చీలో గంటల తరబడి కూర్చునేవారు కూడా ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకో పక్కకో వంగి, ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తగ్గించుకోవాలి.

అపోహ: మోకాళ్ల కింద లావు దిండు పెడితే హాయి, కాబట్టి ఎప్పుడూ ఉంచవచ్చు.

వాస్తవం: హాయిగా ఉండేది నిజమే. కానీ రోజంతా వంగి ఉన్న మోకాలు వారాలు గడిచేకొద్దీ అలాగే బిగుసుకుపోతుంది, ఆ తర్వాత నిలబడటమే కష్టమవుతుంది. మడమ పరుపుకు తగలకుండా పిక్క పొడవునా పెట్టే దిండు వేరు, అది మంచిదే.

అపోహ: కాళ్లూ చేతులూ మర్దన చేస్తే, మనం పట్టుకుని ఆడిస్తే కండరాలకు బలం వస్తుంది.

వాస్తవం: మనం ఆడిస్తే కీళ్లు బిగుసుకోకుండా ఉంటాయి. బలం మాత్రం ఆ కండరం తనంతట తాను పనిచేసినప్పుడే వస్తుంది. కాలు పూర్తిగా ఎత్తలేకపోయినా, తొడ కండరాన్ని బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం కూడా పనే. మరో హెచ్చరిక కూడా చెప్పాలి. ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే ఆ కాలికి మర్దన చేయవద్దు. అది లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. దానికి తోడు ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: చేతికర్రను నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకోవాలి.

వాస్తవం: రెండో వైపు చేతిలో పట్టుకోవాలి. నొప్పి కాలు ముందుకు పడినప్పుడే కర్ర కూడా పడాలి.

అపోహ: ఈ వయసులో వ్యాయామంతో ఒరిగేదేమీ లేదు, అన్నీ మనమే చేసిపెట్టాలి.

వాస్తవం: 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో, సగటున 90 ఏళ్ల వయసున్న వృద్ధాశ్రమ వాసులు ఎనిమిది వారాల పాటు బరువులతో వ్యాయామం చేశారు. చివరివరకూ కొనసాగిన తొమ్మిది మందిలో తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వైకల్యంతో జీవిస్తున్నవారికి కూడా శారీరక శ్రమను సిఫారసు చేశాయి. ఎంత కొద్దిగా చేసినా అసలు చేయకపోవడం కంటే మేలని చెప్పాయి.

అందుకే కొత్తగా ఒక ఇంటికి వెళ్లినప్పుడు వ్యాయామాల కంటే ముందు, పోయిన వారం ఈయన తన చేత్తో ఏయే పనులు చేసుకున్నారని అడుగుతాను. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతోందని ఇంట్లోవారే పెట్టేస్తున్నామంటే, మరుసటి రోజు నుంచి ఆ పావుగంటను ఆయనకే వదిలేయమని చెబుతాను. మా మొదటి వ్యాయామం అదే అవుతుంది.