మూత వేసిన కెమెరాకి ఏం కనిపిస్తుంది?

"కెమెరాకి మూత వేసి ఫోటో తీస్తే నల్లగా వస్తుంది. అందులో కొలిచేదేముందండీ?" అని మారతహళ్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు. చాలా ఉంది. ఆకాశాన్ని సర్వే చేసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పనితనం సగం ఆ నలుపులోనే తేలిపోతుంది.

బెంగళూరు అపార్ట్‌మెంట్లో నీళ్ల బిల్లు ఎక్కువొస్తే ఏం చేస్తాం? కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూస్తాం. తిరుగుతోందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. మూత వేసి తీసే ఫోటో, అంటే డార్క్ ఫ్రేమ్, చేసేదీ అదే. వెలుతురు ఆపేసినా పిక్సెళ్లలోకి ఎలక్ట్రాన్లు కారుతుంటాయి, వేడి వల్ల. ఇన్‌ఫ్రారెడ్ చిప్‌లని చేసే పదార్థం, 2.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దాకా చూసే మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్‌లో ఎలక్ట్రాన్ విడిపోవడానికి 0.5 ఎలక్ట్రాన్ వోల్ట్ చాలు. సిలికాన్‌కైతే 1.1 కావాలి. అందుకే ఈ చిప్‌లని 77 కెల్విన్ (సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) దరిదాపుల చలిలో ఉంచుతారు. చిలీలోని విస్టా టెలిస్కోప్ సర్వే కెమెరాలో ఇలాంటి చిప్‌లు 16 ఉండేవి. మన హోసకోటె నుంచి నడిపే లద్దాఖ్‌లోని హాన్లే టెలిస్కోప్‌కి బిగించిన టిర్‌స్పెక్ అనే ఇన్‌ఫ్రారెడ్ పరికరానికి ఒకటే.

మంచి చిప్‌లో ఈ లీకేజీ ఒక్కో పిక్సెల్‌కి సెకనుకి ఎలక్ట్రాన్‌లో వందో వంతు. వెయ్యి సెకన్లు ఆగితే పది ఎలక్ట్రాన్లు. మీటరు ఒకసారి చదవడంలోనే అంతకు మించిన తప్పు దొర్లుతుంది! అదృష్టవశాత్తు ఈ చిప్‌లని ఖాళీ చేయకుండానే ఎన్నిసార్లైనా చదవొచ్చు. కాబట్టి మధ్యమధ్యలో చదువుతూ గీత గీసి, దాని వాలు చూస్తారు; లీకేజీ వేగం అదే. జవాబు ముందే రాసుకుని రీడింగులు వెనక నుంచి నింపే మన కాలేజీ ల్యాబు పద్ధతి ఇక్కడ చెల్లదు.

సగటు లీకేజీని తీసేయొచ్చు, దాని హెచ్చుతగ్గుల్ని తీసేయలేం. 100 ఎలక్ట్రాన్లు కారితే వర్గమూలం, అంటే 10, నాయిస్‌గా మిగిలిపోతుంది.

నాకు భలే నచ్చేది తర్వాతి మెట్టు. ఉష్ణోగ్రత కొంచెం కొంచెం తగ్గిస్తూ, లీకేజీ లాగరిథమ్‌ని 1/T (T అంటే కెల్విన్‌లలో ఉష్ణోగ్రత) మీద గీస్తారు. తిన్నని గీత వస్తే కారణం వేడే. ఒకచోట గీత దిగడం మానేసి అడ్డంగా సాగితే? క్వాంటం టన్నెలింగ్ (చాలినంత శక్తి లేకున్నా ఎలక్ట్రాన్ అడ్డుగోడ దాటేయడం) కావచ్చు, బయటి వెచ్చని గోడల వెలుతురు దూరుతూ ఉండొచ్చు. పిక్సెల్‌కి ఇచ్చే వోల్టేజీ (బయాస్) మార్చి చూస్తే దొంగ దొరుకుతాడు: టన్నెలింగ్ బాగా మారుతుంది, వెలుతురు మారదు.

బాగా మెరిసే నక్షత్రాన్ని చూసిన వెంటనే డార్క్ తీస్తే దాని మసక ముద్ర అందులో కనిపిస్తుంది. దయ్యమేమీ లేదు, స్ఫటికం లోపాల్లో చిక్కుకున్న ఛార్జి మెల్లగా బయటపడుతోందంతే. అందుకే పరీక్షకి ముందు చిప్‌ని చాలాసేపు చీకట్లో ఉంచి, మళ్లీ మళ్లీ రీసెట్ చేస్తారు.