చెట్లు లేని కొండలే వరయాడుకు ఆధారం

వరయాడు అనే మేకలాంటి అడవి జంతువు ఉండే, కేరళలో మున్నార్ దగ్గరి ఎరవికులం నేషనల్ పార్కుకు వెళ్లి, రాజమల వద్ద బస్సు దిగగానే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. ఇంత వాన పడే చోట చెట్లేవి? ఎటు చూసినా గడ్డే. కొండల మడతల్లో మాత్రం షోలా అనే గుబురు అడవులు కనిపిస్తాయి.

చెట్లు కొట్టేస్తే మిగిలిన బీడు కాదిది. చలికాలం రాత్రుళ్లు మంచు గడ్డకట్టి, బయలులో మొలిచిన చెట్ల మొక్కలు చచ్చిపోతాయి. గాలి, మంటలు కూడా వాటిని ఎదగనివ్వవు. నీలగిరుల్లోని పీట్ నేలల్లో, అంటే పూర్తిగా కుళ్లని మొక్కలు పేరుకున్న తడి నేలల్లో, పాత మొక్కల కార్బన్‌ను శాస్త్రవేత్తలు పరీక్షించారు. చాలా గడ్డిజాతుల్లో, చెట్లలో కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాల) నిష్పత్తి వేరుగా ఉంటుంది కాబట్టి ఏది ఎప్పుడు పెరిగిందో తేలుతుంది. సుమారు 20 వేల ఏళ్ల క్రితమే అక్కడ గడ్డి విస్తారంగా ఉండేదట! బ్రిటిష్ వాళ్లకు మాత్రం ఈ గడ్డి పనికిరాని భూమిగా కనబడింది. పశ్చిమ కనుమల్లో చాలాచోట్ల యూకలిప్టస్, తుమ్మజాతికి చెందిన వాటిల్ నాటించారు. వాటిల్ తనంతట తానే పాకుతూ ఇప్పటికీ గడ్డిని మింగేస్తోంది. మొక్కలు నాటడం ఎక్కడైనా మంచిదే అనుకునేవాళ్లు ఒకసారి ఈ కొండలు చూడాలి.

ఆ గడ్డి మీద బతికేదే వరయాడు, అంటే నీలగిరి తార్. చిరుత, రేచుకుక్కల గుంపు కనబడితే ఇది నిటారు బండల మీదికి పరుగెత్తుతుంది. గిట్టల అంచు గట్టిగా, లోపలి భాగం మెత్తగా ఉండటంతో రాతి మీద పట్టు దొరుకుతుంది. కాబట్టి దీనికి మేతా, కొండచరియా పక్కపక్కనే ఉండాలి. ముదిరిన మగవాటి నల్లటి వీపు మీద వెండి రంగు మచ్చ దూరం నుంచే తెలుస్తుంది.

చూడటానికి మేకే. హిమాలయన్ తార్‌కు దగ్గరి చుట్టమనీ అనుకునేవారు. 2005లో డీఎన్ఏ పరిశీలన వేరే మాట చెప్పింది: ఇది గొర్రెలకే దగ్గర. దాంతో దీన్ని విడి ప్రజాతిగా (జీనస్) గుర్తించారు. ప్రపంచంలో కేరళ, తమిళనాడు కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు. 2025లో ఆ రెండు రాష్ట్రాలూ కలిసి లెక్కిస్తే 2,600 పైచిలుకు తేలాయి.

97 చదరపు కిలోమీటర్ల పార్కులో సందర్శకులకు తెరిచింది కొద్ది భాగమే. పిల్లలు పుట్టే కాలంలో, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అదీ మూసేస్తారు. టికెట్లు బుక్ చేసుకునే ముందు ఆ తేదీలు చూసుకోండి.