రక్తం వస్తోందని బ్రష్ ఆపేయకండి: చిగుళ్ల మీద అపోహలు - వాస్తవాలు

"బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోంది డాక్టర్ గారూ, అందుకే అటువైపు తోమడం మానేశాను." ఈ మాట వినకుండా నాకు వారం గడవదు. పళ్లు ఊడగొట్టే అపోహల్లో నా లెక్కలో మొదటిది ఇదే. ముందు దీని సంగతి చూద్దాం.

వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. చేతి మీద గాయమైతే ముట్టుకోకుండా వదిలేస్తాం, మానిపోతుంది. చిగురు దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురుకి మెత్తటి బ్రష్ తగిలితే రక్తం రాదు. వస్తోందంటే చాలావరకు చిగురు అంచున పాచి కూర్చుని, అక్కడ వాపు తెచ్చిందని. రక్తనాళాలు ఉబ్బి, చిగురు లోపలి పొర పలచబడి ఉంటుంది. బ్రష్ తగలగానే ఆ సంగతి బయటపడుతుంది, అంతే. అక్కడ తోమడం మానేస్తే పాచికి ఇంకా సుఖం.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో (Harald Löe) అనే దంత పరిశోధకుడు, ఆయన సహచరులు ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలెట్టాక వారం పది రోజుల్లో మామూలైపోయాయి. మందూ మాకూ లేకుండా!

ఓ పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. "ఎడమవైపు చాలా జాగ్రత్తగా చూసుకుంటున్నానమ్మా, ఏడాదిగా బ్రష్ తగలనివ్వలేదు" అన్నారు. నోరు తెరిస్తే కుడివైపు పళ్లు బాగానే ఉన్నాయి. ఆ జాగ్రత్త పడ్డ వైపే రెండు దవడ పళ్లు ఊగుతున్నాయి. ఎక్స్‌రేలో చూస్తే పంటి వేళ్ల చుట్టూ ఎముక సగానికి పైగా పోయింది. నొప్పి? లేనే లేదు. అదే ఈ జబ్బుతో వచ్చిన చిక్కు. చిగురు వాపు దశలో ఉన్నంతవరకు వెనక్కి మళ్లుతుంది; ఎముక కరిగాక మేం జబ్బును ఆపగలం గానీ పోయిన ఎముకంతా తెచ్చివ్వలేం.

కాబట్టి రక్తం వచ్చేచోటే మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకి ఏటవాలుగా పెట్టి, నిదానంగా తోమండి. పళ్ల సందుల్లోకి ఫ్లాస్ గానీ సందు బ్రష్ గానీ పోనివ్వండి. మొదటి కొన్ని రోజులు రక్తం కనిపిస్తుంది, కంగారు పడకండి. రెండు వారాలైనా తగ్గకపోతే దంతవైద్యుల్ని కలవండి, షుగర్ కూడా ఓసారి చూపించుకోండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ మాట చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి. పొగతాగేవాళ్లు "నాకు రక్తం రాదు" అని మురిసిపోవద్దు. పొగ ఆ గుర్తును దాచేస్తుంది, లోపల జబ్బు దాని దారిన అది పోతూనే ఉంటుంది.

"మౌత్‌వాష్ పుక్కిలిస్తే చాలదా?" చాలదు. పాచి బయోఫిల్మ్. బ్యాక్టీరియా తామే తయారుచేసుకున్న జిగురులో పొరలు పొరలుగా అతుక్కుని ఉంటుంది. 1680ల్లోనే లీవెన్‌హుక్ అనే డచ్ సూక్ష్మదర్శిని నిపుణుడు తన పళ్లను వెనిగర్‌తో పుక్కిలించి, తర్వాత పాచిని సూక్ష్మదర్శినిలో చూశాడు. పైపైన ఉన్న జీవులే చచ్చాయి, లోపలివి నిక్షేపంగా ఉన్నాయి. యాంటీబయాటిక్ మాత్రలదీ అదే కథ. దయచేసి మందుల షాపులో అడిగి మింగకండి. పాచిని గీకి తీయాల్సిందే.

ఇక మిగతావి. స్కేలింగ్ (దంతవైద్యులు పళ్ల మీది గారను గీకి తీయడం) వల్ల పళ్లు కదులుతాయా? కదలవు. గార, అంటే గట్టిపడి రాయిలా మారిన పాచి, పోయి, వాపు తగ్గాక అప్పటికే ఉన్న సందు కనిపిస్తుంది. పన్నులో పురుగు? ఏ పురుగూ లేదు. తీపి తిన్న బ్యాక్టీరియా ఆమ్లం వదులుతుంది, పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) దాదాపు 5.5 కంటే దిగితే పంటి పై గట్టి పొర ఎనామెల్ కరుగుతుంది. పన్నులోంచి పురుగు తీశామని చూపించే మనుషుల గురించి నేను మాట్లాడదలచుకోలేదు.

గట్టి బ్రష్ అయితే బాగా పోతుందా? పాచి మెత్తన, మెత్తటి బ్రష్‌కే పోతుంది. గార రాయి, దాన్ని ఏ బ్రష్షూ కదపలేదు. గట్టి బ్రష్‌తో అరిగేది మీ చిగురూ, పంటి మొదలూ. ఆ తర్వాత చల్లటి నీళ్లకి జివ్వుమంటోందని మళ్లీ మా దగ్గరికే వస్తారు.